వెనకగదికి సిగ్నల్ అందని ఇల్లు

ఆవిడని అందరూ నిచ్చెనమ్మ అంటారు. కన్నతల్లి ముచ్చటపడి పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే తిరిగి చూడదు. స్కూటర్‌కి పక్కగా నిచ్చెన కట్టుకుని, భుజాన తీగచుట్ట తగిలించుకుని సందులోకి వస్తోందంటే కుక్కలు కూడా గోడకి ఆనుకుని దారిస్తాయి. మనిషి నిలువెత్తు. నోరు అంతకంటే ఎత్తు.

ఇళ్ళల్లో, ఆఫీసుల్లో వైఫై అందని మూలలకి అందేట్టు చెయ్యడం ఆవిడ పని. గుమ్మం తొక్కగానే ముందు ఆ వైఫై డబ్బా ఎక్కడ పెట్టారో చూస్తుంది. చూడగానే తిట్లు మొదలు. ఒకింటావిడ దొంగలెత్తుకుపోతారని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. "గాలికి తాళం వేసి, గాలి రావట్లేదని నన్ను పిలిచావా తల్లీ?" అంది నిచ్చెనమ్మ. ఇంకో ఇంట్లో చేపల తొట్టి వెనక దాచారు. "ఆ నీళ్ళు నీ సిగ్నల్ మొత్తం తాగేస్తున్నాయి. చేపలు సినిమాలు చూస్తున్నాయి, నువ్వు గోళ్ళు గిల్లుకుంటున్నావు" అంది.

ఒక ఆఫీసులో అయితే డబ్బా నా టేబుల్ మీదుండాలంటే నా టేబుల్ మీదుండాలని లెక్కల గుమాస్తా, మేనేజరూ కుర్చీలెత్తి కొట్టుకున్నారు. ఒకడి ముక్కు పగిలింది, ఒకడి పన్ను ఊడింది. ఆవిడ వెళ్ళేసరికి నేలమీద రక్తం ఇంకా ఆరలేదు. ఇద్దరి మధ్యా నిచ్చెన వేసి ఎక్కి, గది నడిమధ్య కప్పుకి డబ్బా బిగించి దిగింది. "ఇక కొట్టుకోండి నాయనా, ఇద్దరికీ సమానంగా వస్తుంది" అని చేతులు దులుపుకుంది.

దెబ్బలంటే ఆవిడకి కొత్తేం కాదు. కట్టుకున్నవాడు ఈ తీగలపనే చేసేవాడు. పనితనం ఉన్న చెయ్యే, కాకపోతే ఇంటికొచ్చాక ఊరుకునేది కాదు. కూర చల్లారిందని ఒకరోజు, నోరు కాలిందని ఒకరోజు. పనిలో సాయానికి తీసుకెళ్ళి, ఈవిడ నిచ్చెన మీదుండగా కింద కాలితో తన్నాడు ఒకసారి. మెడ కింద ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. మంచం దిగి నిలబడ్డ రోజునే మళ్ళీ చెయ్యెత్తాడు. అప్పుడు తీసింది తీగచుట్ట. మొహం మీద వేసింది. ఒక దెబ్బతో ఆగిందా? ఆగలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది గానీ అడ్డం పడలేదు. వాడు ముక్కులోంచి రక్తం కారుతుంటే "అమ్మా" అని అరిచాడు. "బయటికెళ్ళి పిలువు నాయనా, ఇక్కడ ఇప్పుడే తుడిచాను" అంది కన్నతల్లి. వెళ్ళినవాడు వెళ్ళాడు. అత్తాకోడళ్ళు మిగిలారు. రోజూ ఒకర్నొకరు తిట్టుకోకపోతే ఇద్దరికీ ముద్ద దిగదు.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే అద్దాల కొట్టాయన ఫోన్ చేశాడు. బజార్లో పెద్ద కొట్టు ఆయనది. కిటికీ అద్దాలు, మొహం చూసుకునే అద్దాలు, అన్నీ కోసి బిగిస్తాడు.

"వెనకగదిలో కెమెరా పెట్టించానమ్మా. కొట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకుంటాను, అంతా అందులో రికార్డవుతుంది కూడా. ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఏం చేస్తావో, ఎప్పుడూ ఆగకూడదు."

ఆ ఇంట్లో అడుగుపెడితే నిచ్చెనమ్మకి పదిమంది నిచ్చెనమ్మలు ఎదురొచ్చారు. గోడ కనిపిస్తే ఒట్టు. హాలు నిండా, లోపలి నడవ పొడుగునా అద్దాలే. హాల్లోంచి లోపలికెళ్ళే నడవకి తలుపుంది, ఆ తలుపూ పైనుంచి కిందిదాకా అద్దమే. "మా కొట్లోనే చేయించాను. ఇంత బరువు తలుపు ఇంకెవరింట్లో ఉంది?" అన్నాడాయన, దాన్ని భుజంతో నెట్టి తీస్తూ.

"బరువు సరే అన్నా, వెనకగదిలో ఎవరుంటారు?"

"మా ఆవిడ. దానికి మతి స్థిమితం లేదు. గోడకేసి తల కొట్టుకుంటుంది, చేతులు విరగ్గొట్టుకుంటుంది. పారిపోతుంది కూడా. అందుకే కాపలా." ఇంత చెప్పి, పని అయ్యాక పిలవమని కొట్టుకి వెళ్ళిపోయాడు.

కాపలాకి వాళ్ళమ్మని కూర్చోబెట్టాడు. ముసలావిడ హాల్లో ఏసీ కింద, టీవీ ముందు, చెయ్యి గడ్డానికి ఆనించుకుని ఉంది. డబ్బా కూడా హాల్లోనే, టీవీ పక్కన. నిచ్చెనమ్మ తన ఫోన్ చేతిలో పట్టుకుని, సిగ్నల్ గీతలు చూసుకుంటూ మెల్లగా నడిచింది. హాల్లో నిండుగా ఉన్నాయి. నడవలోకి వెళ్తే కాస్త తగ్గాయి. వెనకగది తలుపుకి బయట గడియ. తీసింది.

కిటికీకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. మంచం మీద ఒక పిల్ల. పెళ్ళాం అంటే ఎవరో పెద్దావిడ అనుకుంది, తీరా చూస్తే చిన్న వయసు. ఎడమచేతికి కట్టు. కన్ను కింద పాత దెబ్బ పసుపుపచ్చగా, దాని పక్కన కొత్తది నల్లగా. మూలన పైన కెమెరా, ఎర్రదీపంతో. ఆ పిల్ల కెమెరా వైపు తిరగకుండా, పెదాలు కదిలీ కదలనట్టు గుసగుసగా మాట్లాడింది.

"అక్కా, కెమెరా బాగుచెయ్యడానికి వచ్చావా?"

"అవును."

"బాగా చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా. ఆగిపోయిన రోజల్లా నేనే గుడ్డ కప్పాననీ, తీగ పీకాననీ కొడుతున్నాడు. నేను దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు."

"మతి లేదన్నాడే నీకు?"

"మతి లేకపోతే ఇంత లెక్కగా బతుకుతానా?"

ఇంతలో గీతలు ఒక్కసారిగా పడిపోయాయి. నిచ్చెనమ్మ చేతిలో ఫోన్ చచ్చినట్టయింది. గదిలో ఏదీ కదల్లేదు, ఎవరూ రాలేదు. బయటికొచ్చి చూస్తే నడవ చీకటిగా ఉంది. అద్దం తలుపు వేసి ఉంది. నెట్టుకుని హాల్లోకి వెళ్తే ముసలావిడ రిమోట్ నొక్కుతోంది.

"పెద్దమ్మా, తలుపు నువ్వేనా వేశావు?"

"నేను కాక దెయ్యం వేస్తుందా? చల్లదనమంతా లోపలికి పోతుంది. పైగా దాని ఏడుపొకటి. టీవీలో మాట వినపడి చావదు."

నిచ్చెనమ్మ నడవవైపు నిలబడి తలుపు తీసింది. గీతలు వచ్చాయి. వేసింది. పోయాయి. అద్దం వెనక పూత ఉంటుంది కదా, మొహాన్ని వెనక్కి కొట్టినట్టే సిగ్నల్‌నీ వెనక్కి కొడుతుంది. విషయం అర్థమైంది ఆవిడకి. ముసలావిడ చల్లదనం కోసం తలుపు వేసుకుంటుంది. కొట్లో కొడుకు ఫోన్‌లో బొమ్మ ఆగుతుంది. సాయంత్రం ఆ పిల్ల ఎముకలు విరుగుతాయి. మొగుడి చెయ్యే గానీ, ఆ చెయ్యి లేపేది తలుపు.

ఇంకో డబ్బా తెచ్చి నడవలో పెడితే సరిపోతుంది. పెట్టడం ఎంతసేపు? పెడితే కెమెరా ఇక ఆగదు, ఆ పిల్ల ఊపిరి తీసినా వాడికి కనపడుతుంది. జన్మంతా ఆ గదిలోనే. పెట్టకపోతే ఇవాళ రాత్రికే తన్నులు. మెడ కింద వంకర ఎముక తడుముకుని, డబ్బా తెస్తానని చెప్పి ఇంటికి బయల్దేరింది.

అన్నం ముందు కూర్చుంది గానీ కలపలేదు. అత్తగారు చూసింది.

"ఏమే, అన్నంలో సిగ్నల్ వెతుకుతున్నావా?"

జరిగిందంతా చెప్పింది నిచ్చెనమ్మ. చెప్పి, "తప్పు ఆ పిల్లది కాదు, తలుపుదని వాడి కళ్ళెదుట చూపిస్తానత్తా. కొట్టడానికి ఆ సాకు పోతుంది కదా. తర్వాత ఎవరికైనా చెప్పి బయటికి తీయిద్దాం" అంది.

అత్తగారు మంచినీళ్ళ గ్లాసు ఠపీమని పెట్టింది. "ఇన్నేళ్ళొచ్చాయి, నీ బుర్రకి మాత్రం కట్టు విప్పలేదు. కారణం దొరికి కొడతారటే మగాళ్ళు? ముందు కొడతారు, తర్వాత తీరిగ్గా కారణం వెతుక్కుంటారు. నా కొడుక్కి కూర చల్లారిందని వేడి కూర పెట్టావుగా, ఆగాడా?"

"మరేం చెయ్యమంటావు? చూసి వచ్చెయ్యనా?"

"చూసి వస్తే నువ్వు నా కోడలివే కాదు. వెళ్ళు. కాకపోతే వాడికి తెలివి చెప్పడానికి వెళ్ళకు. దాన్ని తీసుకురావడానికి వెళ్ళు."

విన్నదా? సగమే విన్నది. మనిషి మంచిదైతే ఇదే చిక్కు, ఎదుటివాడికి కూడా బుద్ధుంటుందని ఎక్కడో ఆశ.

మళ్ళీ వెళ్ళి, అద్దాలాయన్ని పిలిపించింది. ఆయన వస్తూనే వీధి గ్రిల్లుకి లోపల్నించి తాళం వేసి, తాళంచెవి వాళ్ళమ్మ ఒళ్ళో పడేశాడు. అలవాటు. "ఏమైంది? బాగైందా?"

"ఫోన్ తియ్యన్నా. కెమెరా పెట్టు."

పెట్టాడు. తెరమీద మంచం, మంచం మీద ఆ పిల్ల. నిచ్చెనమ్మ వెళ్ళి అద్దం తలుపు వేసింది. బొమ్మ బిగుసుకుపోయి, గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. తలుపు తీసింది. ఆ పిల్ల మళ్ళీ కదిలింది.

"చూశావా? నీ అద్దం అడ్డం పడుతోంది. లోపలున్న పిల్ల ఏనాడూ ఏమీ చెయ్యలేదు."

ఆయన ఫోన్‌నీ, తలుపునీ మార్చి మార్చి చూశాడు. "ఈ తలుపు ఎవరు వేస్తున్నారు?"

టీవీలో ఎవరో నవ్వారు. ముసలావిడ ఆ టీవీ కట్టేసింది. "నేనేరా. చల్లగా ఉంటుందని..." అని, కొడుకు వైపు తిరిగి, "అయితే ఇన్నాళ్ళూ దాన్ని ఊరికే కొట్టావా?" అంది.

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. తేలు కుట్టిన దొంగ అయితే నోరు మూసుకుంటాడు, వీడు దొంగ కాదు, దొర. మొహం ఎర్రగా అయిపోయింది. తల్లిని కొట్టలేడు. పరాయి ఆడదాన్ని కొడితే వీధి చేరుతుంది. ఇక మిగిలిందెవరు? చేతిలో ఫోన్ తల్లి ఒళ్ళోకి విసిరేసి నడవలోకి దూసుకెళ్ళాడు.

"తెలిసి కూడా చెప్పకుండా నన్ను వెధవని చేస్తావటే! నవ్వుకుంటున్నావా ఇన్నాళ్ళూ?"

"చెప్పాను, ముట్టుకోలేదని ప్రతిసారీ చె..."

దెబ్బ వినపడింది. హాల్లో నిలబడ్డ ఇద్దరికీ వినపడింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ వినపడింది, అదే దెబ్బ, ముసలావిడ ఒళ్ళోంచి. ఫోన్‌లో వెనకాలే వస్తోంది. గదిలోంచి అరుపు, ఒళ్ళోంచి అరుపు. గదిలో మంచం కోడు గోడకి తగిలింది, ఒళ్ళో తగిలింది. ప్రతి దెబ్బా రెండుసార్లు. తెరమీద కొడుకు కట్టు కట్టిన చేతినే పట్టుకుని మెలిపెడుతున్నాడు.

నిచ్చెనమ్మ కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి.  చూపించింది తనే కదా. ముసలావిడ లేచింది. లేచి, అలవాటు చొప్పున అద్దం తలుపు మీద చెయ్యి వేసి వెయ్యబోయింది.

ఆ చెయ్యి చూశాక వచ్చింది నిచ్చెనమ్మకి కదలిక.

"వేశావంటే నీ వేళ్ళు విరగ్గొడతాను ముసలిదానా!"

గోడకి ఆనించిన నిచ్చెన చంకలో ఇరికించుకుని, ఎద్దు కొమ్ములు దించినట్టు దించి, నడవ పొడుగునా పరిగెత్తింది. నిచ్చెన కొసలు రెండుపక్కలా అద్దాల్ని గీరుకుంటూ, పగలగొట్టుకుంటూ పోయాయి. వాడు వెనక్కి తిరిగేలోపు నడుంలో పొడిచింది. వాడు ముందుకు తూలి ఆ గది గోడకీ బిగించి ఉన్న పెద్దద్దం మీద పడ్డాడు. అద్దం నిలువునా పగిలి వాడి మీద కూలింది. చొక్కా ఎర్రబడింది. లేస్తాడనుకోలేదు. లేచాడు, లేస్తూ చేతికి దొరికిన అద్దం ముక్క పట్టుకునే లేచాడు.

"నా ఇంటికొచ్చి నన్నే కొడతావటే లం..."

ముక్క విసురుగా వచ్చింది. నిచ్చెనమ్మ మోచెయ్యి అడ్డం పెట్టింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. నొప్పి తెలీలేదు, వేడిగా ఏదో కారడం తెలిసింది. నిచ్చెన జారింది. భుజాన ఉన్న పనిముట్ల సంచీ తిరగబడి మేకులు, క్లిప్పులు, సుత్తి నేలంతా చెల్లాచెదురయ్యాయి. వాడు ఆవిడ జుట్టు పట్టుకుని అద్దం పెంకుల మీదికి మొహం వంచుతున్నాడు. పెంకుల్లో ఆవిడకి తన కళ్ళే కనపడుతున్నాయి, దగ్గరవుతున్నాయి.

అప్పుడు వినపడింది ఒక చప్పుడు. ఎండిన కొమ్మ విరిగినట్టు. జుట్టు వదిలేసి వాడు గొడ్డులా అరిచాడు.

ఆ పిల్ల సుత్తి పట్టుకుని నిలబడి ఉంది, మంచి చేత్తో. మోకాలి మీద కొట్టింది. వాడు పడ్డాక మళ్ళీ అదే మోకాలి మీద కొట్టింది. మూడోసారి ఎత్తింది. ఈసారి చూపు మోకాలి మీద లేదు.

"తల మీద వద్దే!" నిచ్చెనమ్మ అరిచింది. "వద్దు పిల్లా! వాడి కోసం నువ్వు ఇంకో గదిలో పడతావా? ఆ గదికీ బయటే గడియ!"

సుత్తి గాల్లో ఆగింది.  ఆ పిల్ల దాన్ని తీసుకెళ్ళి కెమెరా మీద వెయ్యబోయింది. నిచ్చెనమ్మ ఆ చెయ్యీ పట్టుకుంది. "దాన్ని ముట్టుకోకు. వాడు చేసింది అదే చూసింది. పద."

నడవంతా పెంకులే. ఆ పిల్ల కాళ్ళకి చెప్పుల్లేవు. అరికాళ్ళు తెగుతున్నా ఆగలేదు, వెనక వాడు తల్లిని పిలుస్తున్నాడు, బండబూతులు తిడుతూ పిలుస్తున్నాడు. హాల్లోకి వచ్చేసరికి ముసలావిడ గ్రిల్లు దగ్గరుంది. తాళంచెవి ఆవిడ చేతిలో.  నిచ్చెనమ్మ ఆవిణ్ణి తోసెయ్యడానికే అడుగేసింది.

"కొంప కూల్చావు కదే, నీ చేతులు పడిపోను! నీ నిచ్చెన విరిగిపోను! వచ్చావు, నా కొడుకుని కుంటివాణ్ణి చేసి పోతున్నావు!" ముసలావిడ తిడుతోంది. తిడుతూనే తాళం తీస్తోంది. తొందరలో చెవి పడట్లేదు, పడట్లేదని ఇంకా తిడుతోంది. పడింది. గ్రిల్లు లాగింది. ఒక చేత్తో గ్రిల్లు, ఇంకో చేత్తో కొడుకు ఫోన్ పట్టుకుని, కోడలి మొహం మాత్రం చూడకుండా ఫోన్ ఆ పిల్ల చేతిలో కుక్కింది.

"పో. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కావంటే నేనే చంపుతాను. పో!"

అని లోపలికి వెళ్ళిపోయింది, మూలుగుతున్న కొడుకు దగ్గరికి. తల్లి కదా.

నిచ్చెనమ్మ చీరకొంగు మోచేతికి చుట్టుకుని స్కూటర్ తీసింది. ఆ పిల్ల వెనకెక్కి నడుం పట్టుకుంది. దారిలో జనం చూస్తుంటే, "ఏం చూస్తారు, ఆడవాళ్ళకి రక్తం కొత్తా?" అని కసిరింది నిచ్చెనమ్మ. అంతసేపూ ఆ పిల్ల ఏడవలేదు. ఆసుపత్రి మెట్లమీద ఒక్కసారి మాత్రం అంది, "ఎండ ఇంత వేడిగా ఉంటుందని మర్చిపోయానక్కా" అని.

లోపల నర్సు ఇద్దర్నీ పక్కపక్కన బల్లల మీద కూర్చోబెట్టింది. నిచ్చెనమ్మ చేతికి డాక్టరు కుట్లు వేస్తుంటే ఆవిడ డాక్టర్ని తిడుతోంది. నర్సు ఆ పిల్ల అరికాళ్ళలోంచి అద్దం ముక్కలు ఒక్కొక్కటీ లాగి గిన్నెలో వేస్తుంటే టింగు టింగుమంటున్నాయి. ఆ పిల్ల మొహం చూసి నర్సు ఆగింది.

"నువ్వు ఇదివరకు వచ్చావు కదూ, ఈ చెయ్యి విరిగినప్పుడు? స్నానాలగదిలో జారానన్నావు. ఇవాళ ఎక్కడ జారావు?"

ఆ పిల్ల నిచ్చెనమ్మ వైపు చూసింది. నిచ్చెనమ్మ పళ్ళు బిగించుకుని కుట్లు చూసుకుంటోంది. ఈ జవాబు ఆవిడ చెప్పేది కాదు.

"జారలేదు. అప్పుడూ జారలేదు. మా ఆయన కొట్టాడు." వార్డులో ఆ చివర మంచం దాకా వినపడేట్టు చెప్పింది. ఇటు తిరగనివాళ్ళు కూడా తిరిగారు. "ఈ ఫోన్‌లో ఉంది, చూసుకోండి."

"పోలీసులకి కబురు పెట్టమంటావా మరి?"

"పెట్టండి. ఆయన్ని కూడా ఇక్కడికే తెస్తారు కాసేపట్లో. మోకాలు నేనే విరగ్గొట్టాను. అదీ రాసుకోండి."

"నోరు ముయ్యవే పిచ్చిమొహమా!" అంది నిచ్చెనమ్మ, కుట్లు వేస్తున్న చెయ్యి లాక్కుని. "అడిగిందానికి చెప్పు చాలు!"

"ఎందుకు మూసుకోవాలక్కా?" అంది ఆ పిల్ల. అని, రెండో కాలు నర్సు ముందుకి చాపింది.